‘బాబెల్’ చూసే తీరిక ఎవరికుంది?

2006లో వచ్చిన ‘బాబెల్’ వట్టి బోరు సినిమా అట! “ఐదారు భాషలు, ఒక్క ఫైటూ లేదు. బ్రాడ్ పిట్‌ని పెట్టుకుని ఏడిపించడమేంటండీ!” అంటూ ఓ పెద్దమనిషి అరగంటకే కట్టేశాడు. కాన్ చిత్రోత్సవంలో దీన్ని తీసిన ఇన్యారిటుకి ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చిన జ్యూరీకి పాపం రిమోట్ దొరకలేదు కాబోలు.

కథ చిన్నదే. జపాన్ వేటగాడు మొరాకోలో గైడుకి బహుమతిగా ఇచ్చిన తుపాకీ చేతులు మారి మేకలు కాసే పిల్లల దగ్గరికొచ్చింది. గుండు ఎంత దూరం పోతుందో చూద్దామని పేలిస్తే టూరిస్టు బస్సులోని అమెరికా ఆవిడకి తగిలింది. అంతే, టీవీల్లో అది ఉగ్రదాడైపోయింది! ఆవిడ పిల్లల్ని సాకుతున్న మెక్సికో ఆయాని, పదహారేళ్లు చాకిరీ చేయించుకున్న దేశమే గెంటేసింది. కాకతాళీయాలు కాస్త ఎక్కువే, కాదనం. కానీ నెత్తురోడుతున్న మనిషిని ఊరిలో వదిలేసి, ఎండగా ఉందని బస్సెక్కి వెళ్లిపోయిన తోటి టూరిస్టులున్నారే, వాళ్ల పక్కన మన పెద్దమనిషికో సీటు వేయాల్సింది. దెబ్బ తిన్నామె భర్త డబ్బివ్వబోతే వద్దన్న మొరాకో గైడుని మాత్రం ఈయన చూడనే లేదు. అప్పటికే ఛానల్ మారింది.

ఇంకొకాయన ఓపిగ్గా టోక్యో డిస్కో సీను దాకా వచ్చాడు. వినికిడి లేని ఆ వేటగాడి కూతురి వైపు నుంచి చూపిస్తూ, హోరెత్తే పాటని దర్శకుడు ఠక్కున ఆపేశాడు. ఆయన లేచెళ్లి స్పీకరు వైరు సరిచేసి, కేబుల్ వాడికి ఫోన్ కొట్టాడు.