ర్యాంపు కట్టకుండా విధానం నడపడం ఎలా?

వికలాంగుల సంక్షేమానికి బదిలీ అయ్యారట, శుభం. శిక్ష పడిందని మొహం వేలాడేయకండి. తెలిసినవాళ్లకు ఇంతకన్నా సుఖమైన సీటు లేదు. చట్టం ఉంది, పథకాలున్నాయి, ఏటా డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవానికి, శాలువాల సభ ఉంది. కొత్తగా మీరేమీ చేయకుండా ఉంటే చాలు.

ముందు చట్టం చూసి బెదరకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గట్టిదే. వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. సర్కారు ఉద్యోగాల్లో వాటాను 3 శాతం నుంచి 4కు తెచ్చింది. ప్రజలు వచ్చిపోయే పాత భవనాలన్నిటినీ, నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా సరిచేయాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. 2022 జూన్ కూడా వచ్చింది, పోయింది. పిడుగేమీ పడలేదు. చట్టం మీరితే జరిమానా మొదటిసారి పదివేల దాకానే. అంతకన్నా సిమెంటు ఖర్చే ఎక్కువ.

కట్టక తప్పని రోజు వస్తే, కట్టే పద్ధతి ఒకటుంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలని ప్రమాణం చెబుతుంది. అంత జాగా ఎక్కడిది? ఉన్న మూడు మెట్ల మీదే కాంక్రీటు పోయించండి, అదే ర్యాంపు. పైన నున్నటి టైల్స్ వేయిస్తే వానాకాలంలో దాని సొగసు తెలుస్తుంది. పట్టుకునే రెయిలింగు బిల్లులో కనబడితే సరిపోతుంది. దిగే చోట పెద్దసారు స్కూటరు నిలపమనండి, నీడకు నీడ. మరుగుదొడ్డి తలుపుకు చక్రాల కుర్చీ బొమ్మ అంటించి తాళం వేయండి. చీపుర్లకూ ఫినాయిల్ డబ్బాలకూ అంత విశాలమైన గది ఆఫీసులో మరొకటి దొరకదు. తాళంచెవి అటెండరు దగ్గరుండాలి, అటెండరు సెలవులో ఉండాలి. ఇక నివేదికలో ‘సౌకర్యం కల్పించడమైనది’ అని రాసేయొచ్చు. 2015లో మొదలైన సుగమ్య భారత్ అభియాన్ ఖాతాలో మీ భవనం కూడా చేరుతుంది.

సర్టిఫికెట్ల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన, వైకల్య శాతం తేల్చే ‘సదరం’ ఈ విషయంలో మీకు బంగారు గని. స్లాటు దొరకడానికే నెలలు పట్టనివ్వండి. క్యాంపు పై అంతస్తులో పెట్టండి, ఎక్కలేనివాడు ఎలాగూ రాడు కాబట్టి క్యూ తగ్గుతుంది. మోకాలి కింద కాలు తీసేసినవాడికి తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే, గడువు తీరగానే వచ్చి, కాలు మళ్లీ మొలవలేదని చూపించి పోతాడు. ప్రయోజనాలకు గీత 40 శాతం దగ్గర గీశారు కాబట్టి 39 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, ఖజానాకు అంతకన్నా ఆప్తుడు లేడు.

కేంద్రం పింఛను దగ్గర మీ పని ఇంకా తేలిక. అక్కడ గీత 40 కాదు, 80 శాతం. దారిద్ర్యరేఖకు దిగువన కూడా ఉండాలి. అన్నీ కుదిరితే నెలకు 300 రూపాయలు. 2012లో నిర్ణయించిన మొత్తమది. ఆంధ్రప్రదేశ్‌లో 6,000, తెలంగాణలో 4,016 ఇస్తున్నారని ఎవరైనా పోల్చబోతే మాట మార్చండి. దేశంలో వికలాంగులు ఎంతమందని అడిగితే 2011 జనగణన తీసి 2.68 కోట్లని చెప్పండి. ఆ లెక్క నాటికి 21 రకాల జాబితా పుట్టనేలేదని మీరుగా గుర్తుచేయనక్కర్లేదు.

ఒక్క ప్రమాదం మాత్రం పొంచి ఉంది: వికలాంగులే ఫైళ్లు చదవడం. చూపులేని రాజీవ్ రతూరి బహిరంగ స్థలాలు తమకూ అందుబాటులో ఉండాలంటూ 2005లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2017లో తీర్పొచ్చింది. అమలు ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు తర్వాత హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. అన్నీ చూశాక 2024 నవంబరు 8న, చట్టం తప్పనిసరి అన్నదాన్ని 2017 నిబంధనల్లోని 15వది ఉత్త సలహాగా మార్చేసిందని, అది చెల్లదని కోర్టు తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో రాయమంది. చూశారా, ఎంతో ఓపిగ్గా మెత్తబరిచిన నిబంధన! అందుకే కమిటీల్లోకి వాళ్లను పిలవకండి. పిలవక తప్పకపోతే, చూపులేనివారికి స్కాన్ చేసిన కాగితాలు పంపండి, వాటిని ఫోను నేరుగా చదివి వినిపించలేదు. వినబడనివారికి సైగల భాష అనువాదకుణ్ని వచ్చే సమావేశానికి ఏర్పాటు చేస్తామనండి.

చివరగా, ఇది మన మధ్యనే ఉండాలి. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫారసు చేస్తే ఏం చేశారో మీరు మూడు నెలల్లో జవాబు చెప్పాలి. ఆ చిరునామా మాత్రం నోటీసు బోర్డు మీద పెట్టకండి.