మొండి సలహాలు: లైసెన్సు తీసుకునేవాళ్ళకు

నేను చెప్పినట్టు చేస్తే రోజులు దండగ, కూలి దండగ అని మా గాజువాకలో చాలామంది నాతో వాదిస్తారు. అయినా ఇవే చెబుతాను. ముప్పయ్యేళ్ళు స్టీల్‌ప్లాంట్ నుంచి పోర్టుకి రాడ్ చుట్టల ట్రయిలర్ నడిపినవాణ్ణి.

ఒకప్పుడు లైసెన్సు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉండేది. ఒకచోట కార్డు ముందువైపు ఉన్న వివరం మరోచోట వెనకవైపు ఉండేది. 2019 మార్చిలో కేంద్రం దేశమంతటికీ ఒకే నమూనా ఖరారు చేసి, అక్టోబరు 1 నుంచి అమల్లో పెట్టింది. క్యూఆర్ కోడు వచ్చింది. అమెరికాలోనూ ఇదే తంతు. 2001 దాడుల తర్వాత, 2005లో రియల్ ఐడీ చట్టం చేశారు. విమానాశ్రయాల్లో అది అమలయ్యేసరికి 2025 మే 7 వచ్చింది. ఆ చట్టం కింద, వీసా మీద అక్కడున్న మన పిల్లల లైసెన్సుకి, వాళ్ళు అక్కడ ఉండటానికిచ్చిన గడువే గడువు.

కార్డు గట్టిపడింది, మంచిదే. దాన్ని తీసుకునే మనిషి కూడా గట్టిపడాలి. నా సలహాలన్నీ అందుకే.

1. పదో తరగతి మెమోలో తప్పుంటే ఆ తప్పునే పట్టుకోండి

మెమోలో నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఆధార్‌లో, లైసెన్సులో, పాస్‌పోర్టులో అలాగే రాయించాను. సరిచేసుకో నాన్నా అని పిల్లలు పోరినా వినలేదు. మన పేర్లతో పెద్ద చిక్కు ఇంటిపేరు. ఒక కాగితంలో ఇనీషియల్, ఇంకో కాగితంలో పూర్తిగా, మరోదాంట్లో చివరికి. పిలిచేవాళ్ళకి అన్నీ ఒకటే, కంప్యూటరుకి మాత్రం ముగ్గురు మనుషులు. ఓడ ఎక్కే కుర్రాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. 2019లో మన దేశం నావికులకు ముఖాన్ని గుర్తుపట్టే బయోమెట్రిక్ కార్డు తెచ్చింది. ఆ వివరాలు తీసుకోవడానికి ఎంచుకున్న తొమ్మిది చోట్లలో మన విశాఖ ఒకటి. మీ ముఖం మీదే అని యంత్రం ఒప్పుకున్నా, పేరు దగ్గర పేచీ పెడితే ఓడ ఆగదు.

2. టెస్టు తప్పితే మంచిదే అనుకోండి

ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చిన 30 రోజులకి టెస్టుకి వెళ్ళవచ్చు. మీరు తొందరపడకండి. దానికి ఆరు నెలల గడువుంది, నేర్చుకోవడానికి వాడుకోండి. టెస్టు తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్ళీ రానిస్తారు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఆ రెండు నెలలూ శిక్ష కావు, నేర్చుకునే రోజులు.

మా బావమరిది ఆగలేదు. ఏజెంటుకి డబ్బిచ్చి, ట్రాక్ ఎక్కకుండానే హెవీ లైసెన్సు తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండానే రివర్సు చేస్తుండగా క్లీనరు కుర్రాడి పాదం వెనక చక్రం కింద పడింది. పోలీసులు కార్డు చూశారు. ముద్ర అసలుది, సంతకం అసలుది, నంబరూ అసలుదే. అబద్ధమల్లా స్టీరింగు మీదున్న చేతులు. ఆ కుర్రాడు ఇప్పటికీ కుంటుతూనే మా వీధిలోంచి పనికి వెళ్తాడు.

3. మూడు రోజుల శిక్షణకి మూడు రోజులూ కూర్చోండి

మల్కాపురం వైపు నుంచి పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు తోలాలంటే ప్రమాదకర సరుకుల శిక్షణ తప్పదు. సర్టిఫికెట్ చేతికొస్తే చాలనుకుంటారు. 2019 చట్టసవరణకి ముందు ఏడాదికోసారి రెన్యూ చేయించాల్సిన ఆ సరుకులు తోలే అనుమతి ఇప్పుడు మూడేళ్ళు చెల్లుతుంది. గడువు పెరిగిందంటే మధ్యలో గుర్తుచేసేవాళ్ళు తగ్గినట్టే. బండిలో ఉండే ట్రెమ్ కార్డు చదవండి. మీ సరుకు కారితే నీళ్ళు కొట్టాలో, ఇసుక పోయాలో, జనాన్ని ఎటు తరమాలో అందులో ఉంటుంది. మంట లేచాక చదువుదామంటే కుదరదు.

4. ఫోన్లో ఉన్నా కార్డు మోయండి

డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న లైసెన్సు చట్టం ప్రకారం చెల్లుతుంది. ఫోటో తీసి దాచుకున్నది చెల్లదు. అయినా నేను కార్డు జేబులో పెట్టుకునే బయలుదేరతాను. అరకు ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, రాత్రి డ్యూటీలో ఛార్జింగు ఉండదు. బండి బోల్తాపడితే ఫోను పగిలిపోవచ్చు. అప్పుడు మీరెవరో, మీ రక్తం గ్రూపేమిటో చెప్పగలిగేది ఆ కార్డే.

5. లైసెన్సు లేకపోతే లేదనే చెప్పండి

అన్నయ్య కార్డు చూపించవద్దు. జిరాక్సు షాపులో చేయించిన కార్డు అసలే వద్దు. లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయల జరిమానా. నొప్పే, కానీ కట్టేస్తే ఆ జరిమానా అక్కడితో పోతుంది. దొంగ కార్డు చూపిస్తే క్రిమినల్ కేసవుతుంది. అది పోర్టు పాసు దగ్గర, పాస్‌పోర్టు విచారణ దగ్గర ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. జరిమానా కట్టిన మర్నాడే ఎల్ఎల్ఆర్‌కి దరఖాస్తు పెట్టండి.

ఈ మాటలు పని జరిగే దారి కాదంటారా? ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఇటుకలు పేర్చి పిల్లలకి రివర్సు నేర్పుతున్నాను. ఒక్క ఇటుక పడినా మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సిందే. ఆ క్లీనరు కుర్రాడు కూడా వస్తాడు. చక్రం ఎక్కడిదాకా వచ్చిందో చెయ్యి ఊపి చూపించేది అతనే.