లీ షాట్లియర్ సూత్రము: టీకా తాత్పర్య సహితము

కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ కోలాచల మల్లినాథ సూరి, మెదక్ దగ్గరి కొల్చారం వాడని మనం గర్వంగా చెప్పుకునే ఆయన, ముందే ఒక హామీ ఇచ్చాడు: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని. ఈ వ్యాఖ్యాత అలాంటి హామీ ఏదీ ఇవ్వడు. చేపట్టిన మూలం ఎలాంటిదంటే, అందులో ఉన్నదాని కంటే లేనిదే చెప్పుకోదగ్గది.

మూలం. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం గైడ్లలో చుట్టూ డబ్బా గీసి, పక్కన మూడు నక్షత్రాలు గుద్ది అచ్చువేసే ధోరణిలో అది ఇలా నడుస్తుంది:

"సమతాస్థితి యందున్న వ్యవస్థను ఏదేని కారకము మార్పునకు లోను చేసినచో, ఆ వ్యవస్థ సదరు మార్పును నిర్వీర్యము గావించు దిశగా తన్ను తాను సవరించుకొనును."

కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో తెల్లారకముందే స్టడీ అవర్ మొదలవుతుంది. అక్కడ ఈ వాక్యాన్ని వేదపాఠశాలలో పనసలు చెప్పినట్టు చెబుతారు. తేడా ఒక్కటే. పాఠశాలలో స్వరం తప్పితే గురువు ఆపుతాడు.

ప్రతిపదార్థం. సమతాస్థితి యందు అనగా సమతాస్థితిలో, ఉన్న అనగా ఉన్నటువంటి, వ్యవస్థను అనగా వ్యవస్థను, తక్కినవి స్పష్టం. కష్టమైన చోట 'స్పష్టం' అని దాటిపోవడం, తేలికైన చోట అర పేజీ తినడం టీకాకారులకు సంప్రదాయం ఇచ్చిన హక్కు. 'నిర్వీర్యము గావించు' దగ్గర మాత్రం ఈ వ్యాఖ్యాతకు కాలు ముందుకు పడడం లేదు. దాని సంగతి తర్వాత.

అవతారిక. సూత్రకర్త ఆన్రీ లీ షాట్లియర్. ఫ్రెంచివాడు, గనుల ఇంజినీరు. సిమెంటు మీద, మంటల మీద, కొలిముల వేడి మీద పనిచేసినవాడు. 1884లో సూత్రాన్ని తొలిసారి చెప్పినప్పుడు వాక్యం చాంతాడంత ఉంది; 1888లో ఆయనే కుదించాడు. సూత్రమన్నది కొద్ది అక్షరాల్లో ఉండాలి, సందేహానికి తావివ్వకూడదు అని మన పెద్దలు పెట్టిన షరతు. కుదింపుతో మొదటి షరతు తీరింది. రెండోదాని మీద 1911లోనే పాల్ ఎరెన్‌ఫెస్ట్ అనే భౌతికశాస్త్రవేత్త వేలు పెట్టి, ఈ వాక్యం మరీ వదులుగా ఉందని పూర్వపక్షం చేశాడు. ఆ పూర్వపక్షం మన గైడ్లకు ఇంకా అందలేదు.

అసలు వస్తువేమిటో ఒకసారి చూడాలి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నీ, సారాలో ఉండే ఇథైల్ ఆల్కహాల్‌నూ సమానమైన మోల్స్‌లో కలిపితే ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్, నీరు పుడతాయి. 1862లో బెర్తెలో, పెయాఁ ద సాఁ-జిల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు దీన్ని ఓపిగ్గా కొలిచారు. మూడింట రెండు వంతులు మారి చర్య ఆగిపోయింది. తలకిందులుగా, ఎస్టర్‌నూ నీటినీ కలిపి మొదలుపెడితే మూడింట ఒక వంతు విడిపోయి, సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. ఆగడమంటే కంటికి ఆగడమే. లోపల అణువులు ఎంత వేగంతో కలుస్తున్నాయో అంతే వేగంతో విడిపోతూ ఉంటాయి, పద్దు మాత్రం కదలదు. ద్విగత చర్య అంటే ఇదీ, సమతాస్థితి అంటే ఇదీ.

ఆ ఆగే చోటును పదార్థాల గాఢతల మీద లెక్క కట్టవచ్చని 1864లో నార్వేలో గుల్డ్‌బెర్గ్, వాగే చెప్పారు. ద్రవ్యరాశి క్రియా నియమం వాళ్లదే. ఇద్దరూ తోడల్లుళ్లు. మొదటి భార్య పోయాక 1870లో వాగే, గుల్డ్‌బెర్గ్ తోబుట్టువును చేసుకోవడంతో గుల్డ్‌బెర్గ్ ఆయనకు బావమరిది కూడా అయ్యాడు. నార్వే భాషలో రాశారు గనక బయట ఎవరూ చదవలేదు. 1867లో ఫ్రెంచిలో రాశారు, అప్పుడూ అంతంతమాత్రమే. 1879లో జర్మన్‌లో రాశాక గానీ లోకానికి వినబడలేదు. చిన్న భాషలో రాసేవాడి పాట్లు తెలుగు పాఠకుడికి విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక విశేషాలు. వ్యాఖ్యాత ఈ పని ఒప్పుకున్నదే దీనికోసం.

1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తినప్పుడు ఓడల్లో ఫిరంగులతో పాటు పండితుల్ని కూడా ఎక్కించుకెళ్లాడు. గణితవేత్తలు మోంజ్, ఫూరియే వాళ్లలో ఉన్నారు. క్లోరిన్‌తో బట్టలు తెల్లబరిచే పద్ధతి నేర్పిన రసాయనవేత్త క్లాడ్ లూయీ బెర్తొలే కూడా ఉన్నాడు. కైరోలో ఒక పండితసభ పెట్టారు. మోంజ్ అధ్యక్షుడు, నెపోలియన్ ఉపాధ్యక్షుడు. దేశాన్ని పట్టుకున్న సేనాపతి పండితసభలో రెండో కుర్చీతో సరిపెట్టుకున్నాడు. మన కాలేజీల్లో ల్యాబు ప్రారంభానికి వేయించే శిలాఫలకాల మీద పేర్ల వరస చూసినవాళ్లకు ఇది కట్టుకథలా తోస్తుంది గానీ, నిజం.

1799 జనవరిలో బెర్తొలే జనరల్ ఆంద్రెయొసీ వెంట కైరోకి వాయవ్యాన ఉన్న నాట్రాన్ సరస్సులకు వెళ్లాడు. ఉప్పునీటి మడుగులు, చుట్టూ ఎడారి, ఒడ్డున తెల్లగా పేరుకున్న నాట్రాన్. అందులో ముఖ్యమైనది సోడియం కార్బొనేట్, మన చాకలిసోడాలో ఉండేదే. ప్రాచీన ఈజిప్టువాళ్లు శవాల్ని ఎండగట్టి మమ్మీలు చేసింది నాట్రాన్‌తోనే, గాజు చేసిందీ దానితోనే.

ఆ తెల్లని పొర అక్కడ ఉండటమే బెర్తొలేకి వింతగా తోచింది. చదువుకున్నదాని ప్రకారం అది అక్కడ ఉండకూడదు. సోడియం కార్బొనేట్ ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ పోస్తే సున్నపురాయి పొడి అడుగుకు దిగుతుంది, పైన మామూలు ఉప్పు మిగులుతుంది. నేటికీ ఏ స్కూలు ల్యాబులోనైనా చూడొచ్చు. స్వీడన్‌లో బెర్గ్‌మన్ అప్పటికే పట్టికలు వేసి, ఏ పదార్థానికి దేని మీద ఎక్కువ మక్కువో తేల్చేశాడు. ఎక్కువ మక్కువ ఉన్నది వస్తే తక్కువది తప్పుకోవాలి. దానికి తిరుగు లేదు. సరస్సు ఒడ్డున జరుగుతున్నది తిరుగే. ఉప్పూ సున్నపురాయీ కలిసి సోడా పుట్టిస్తున్నాయి. బెర్తొలే ఇలా ఆలోచించాడు: ఇక్కడ సున్నపురాయికి అంతు లేదు, పుట్టిన సోడా పొడిలా పైకి తేలి తప్పుకుంటోంది, కాల్షియం క్లోరైడ్ నేలలోకి ఇంకిపోతోంది. అంటే మక్కువ ఒక్కటే చాలదు, ఎవరు ఎంతమంది ఉన్నారన్నది కూడా లెక్కే. అదే ఏడు కైరో సభలో ఈ మాట చదివాడు, 1801లో పుస్తకం వేశాడు. ఆ ఊపులోనే సమ్మేళనాల్లో మూలకాల నిష్పత్తి సైతం పరిస్థితిని బట్టి మారుతుందని పట్టుబట్టి, ప్రూస్ట్ అనే తోటి రసాయనవేత్తతో ఏళ్ల తరబడి వాదించి ఓడిపోయాడు. ఆ ఓటమి నీడలో సరస్సు ఒడ్డున దొరికిన మంచి మాట కూడా చాలాకాలం మూలపడింది.

సోడా తర్వాత సున్నం. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు. బట్టీలో కాలిన సున్నపురాయి విరిగి సున్నం, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. సుమారు 900 డిగ్రీల దగ్గర ఆ వాయువు ఒత్తిడి చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సమానమవుతుంది. బట్టీ నోరు తెరిచే ఉంటుంది గనక పుట్టింది పుట్టినట్టే ఎగిరిపోతుంది. వెనక్కి కలవడానికి ఏదీ మిగలదు. అదే రాయిని గట్టిగా మూసిన పాత్రలో అంతే వేడికి కాలిస్తే కొంత విరిగి ఆగిపోతుంది. బట్టీ సున్నానికే నీళ్లు పోసి తడిసున్నం చేసి సంక్రాంతికి గోడకి వేస్తే, గాలిలో 0.04 శాతం మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని గోడ మీద మళ్లీ సున్నపురాయి అవుతుంది. బట్టీవాళ్లు నోరు మూయకూడదని ఎవరి సూత్రమూ చదవకుండానే తెలుసుకున్నారు. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల కప్పు నుంచి దిగే నీటిచుక్క కార్బన్ డయాక్సైడ్‌ను గాలికి వదిలి రాయిని పేర్చుకుంటూ పోయేదీ ఈ వంశపు చర్యే...

మూలాన్ని ఎక్కడ వదిలాం? 'నిర్వీర్యము గావించు' దగ్గర.

నైట్రోజన్ డయాక్సైడ్ గోధుమరంగు వాయువు. అది రెండేసి అణువులుగా జతకట్టి రంగులేని టెట్రాక్సైడ్ అవుతుంది; మళ్లీ విడిపోతుంది. ఈ మిశ్రమాన్ని గాజు సిరంజిలో మూసి పిస్టన్ నొక్కితే ఏమవుతుంది? డబ్బాలోని వాక్యాన్ని నమ్మినవాడు రంగు తగ్గును అని రాస్తాడు. పక్కనుంచి చూస్తే నొక్కిన క్షణాన రంగు ముదురుతుంది, తర్వాత జతలు పెరిగి కాస్త తేలుతుంది, అయినా మొదట ఉన్నదాని కంటే ముదురుగానే నిలుస్తుంది. వ్యవస్థ మార్పులో కొంత కోసుకుంది, అంతే. దేన్నీ నిర్వీర్యం చేయలేదు. ఇది పండితులకు మాత్రమే పట్టే సూక్ష్మం కాదు. సిరంజి ఖరీదైనదీ కాదు. రాసేవాడికి సిరంజి అక్కర్లేదు, చెప్పేవాడికి వ్యవధి లేదు, పిల్లలకు ల్యాబు రికార్డు ఎవరిదో చూసి దింపుకోవడమే ప్రయోగం.

శంక. అమోనియా తయారీ వేడిని వెలువరించే చర్య కదా. సూత్రాన్ని బట్టి చల్లగా ఉంచితేనే దిగుబడి ఎక్కువ కదా. మరి ఫ్యాక్టరీలో 450 డిగ్రీల వేడి దేనికి?

ఈ శంక క్లాసులో ఏటా ఏదో ఒక పిల్లకు వస్తుంది. 'అది అనుకూల ఉష్ణోగ్రత, రాసుకో' అన్నది సమాధానం. 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో సమతాస్థితి మిశ్రమంలో అమోనియా 400 డిగ్రీల దగ్గర సుమారు 39 శాతం, 500 దగ్గర సుమారు 18 శాతం. మరీ చల్లగా ఉంచితే కాగితం మీద దిగుబడి ఘనంగా ఉంటుంది, పాత్రలో ఏమీ పుట్టదు, ఎందుకంటే నైట్రోజన్ అణువు బంధం తెగనే తెగదు. ఇనుప ఉత్ప్రేరకం పెట్టినా దానికి కొంత వేడి కావాలి. అందుకని మధ్యలో ఎక్కడో రాజీపడి, పుట్టిన అమోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేస్తూ, మిగిలిన వాయువుల్ని మళ్లీ తిప్పుతారు. నాట్రాన్ ఒడ్డున ఎండ చేసిన పనిని ఇక్కడ కండెన్సర్ చేస్తుంది.

సూత్రం దిక్కు చెబుతుంది. ఎంత దూరమో చెప్పదు, ఎప్పటికి చేరతామో అసలే చెప్పదు. ఈ సంగతి సూత్రకర్తకే మహా గట్టిగా తెలిసొచ్చింది. 1901లో ఆయనే అధిక ఒత్తిడిలో అమోనియా చేయబోతే, వాయువుల్లో గాలి కలిసి పాత్ర పేలింది. ఆ పని వదిలేశాడు. ఫ్రిట్జ్ హేబర్ 1909లో కార్ల్‌స్రూహెలో చేసి చూపించాడు. బాష్ దాన్ని 1913లో ఓపౌలో ఫ్యాక్టరీ చేశాడు. వానాకాలం సాగులో యూరియా బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి కూర్చునే రైతు ఎదురుచూసేది ఆ అమోనియా కోసమే.

లీ షాట్లియర్‌ను తప్పుపట్టడం వ్యాఖ్యాత ఉద్దేశం కాదు. ఆయన రాసిన ఒక సంగతి గైడ్లలో ఎక్కి ఉంటే ఈ వ్యాఖ్య అవసరమే ఉండేది కాదు. బ్లాస్ట్ ఫర్నేసుల పైనుంచి కార్బన్ మోనాక్సైడ్ వృథాగా పోతోందని పందొమ్మిదో శతాబ్దపు ఇనుప కంపెనీలు బాధపడ్డాయి. ఖనిజంతో అది కలిసి ఉండే సమయం చాలడం లేదనుకుని ఫర్నేసుల్ని పెంచుకుంటూ పోయాయి. ఇంగ్లండ్‌లో 30 మీటర్ల ఎత్తుకు కట్టారు. పోయే వాయువు తగ్గలేదు. లక్షల ఫ్రాంకుల ఖర్చుతో తేలిందేమిటంటే, ఆ చర్య ఒక హద్దు దగ్గర ఆగేదని. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఫర్నేసులు కూడా ఆ హద్దు దాటవు. పైకి వచ్చే వాయువును పట్టి ఇంధనంగా కాలుస్తారు. ఎత్తు కొలతా, డబ్బు కొలతా ఉన్న ఇంత చక్కని కథను తీసేసి గైడ్లవాళ్లు ఉపదేశం ఒక్కటే ఉంచుకున్నారు.

ఇక దోషవిచారం. తర్కశాస్త్రంలో లక్షణానికి మూడు దోషాలు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. కొమ్ములుండటం ఆవు లక్షణమంటే గేదె కూడా ఆవై కూర్చుంటుంది, అది అతివ్యాప్తి. అందుకే తార్కికులు గంగడోలు దగ్గర ఆగారు. మన సూత్రానికి గంగడోలు లేదు. పిస్టన్ స్వేచ్ఛగా కదిలే పాత్రలో, ఒత్తిడీ ఉష్ణోగ్రతా మారకుండా, నైట్రోజన్, హైడ్రోజన్, అమోనియా సమతాస్థితిలో ఉన్నాయి. మొత్తం మోల్స్‌లో నైట్రోజన్ సగానికి మించి ఉంది. ఇంకాస్త నైట్రోజన్ పంపితే? డబ్బాలోని వాక్యం ప్రకారం వచ్చిన నైట్రోజన్ ఖర్చయి అమోనియా పెరగాలి. జరిగేది: అమోనియా విరిగి ఇంకా నైట్రోజన్ పుడుతుంది. పిస్టన్ పైకి జరిగి హైడ్రోజన్ పలచబడుతుంది. సమతాస్థితి స్థిరాంకంలో హైడ్రోజన్‌ది మూడో ఘాతం గనక ఆ పలచదనానిదే పైచేయి. తోడల్లుళ్ల నియమం పట్టుకుంటే రెండు వరసల లెక్క.

ఈ ప్రశ్నే వార్షిక పరీక్షలో వచ్చిందనీ, లెక్కకట్టిన ఒక అమ్మాయి 'అమోనియా తగ్గుతుంది' అని రాసిందనీ అనుకుందాం. దిద్దే లెక్చరర్ ముందు కట్టలున్నాయి, పక్కన కీ ఉంది, పూర్వపక్షాలు వినే తీరిక లేదు. కీ ప్రకారం సూత్రానికి రెండు, దిశకు రెండు. అమ్మాయి సూత్రం రాయలేదు, దిశ తప్పింది. తర్వాతి పేపరు తీశాడు. అందులో సూత్రం పూర్తిగా ఉంది, 'నిర్వీర్యము' కాస్తా 'నిర్వీయ్యము' అయింది, కింద అమోనియా పెరుగును అని గీత కూడా గీసి ఉంది. నాలుగుకి నాలుగు.