ఏంకాదంకుల్

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక ఏంకాదంకుల్ ఉంటాడు. ఎవరింట్లో కొత్త కంప్యూటర్ బిగించాలన్నా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో బేరమాడేది ఆయనే, స్క్రూడ్రైవర్ తెచ్చేదీ ఆయనే, రెండో కాఫీ అడిగేదీ ఆయనే. పాలిస్టర్ లుంగీ, హవాయి చెప్పులు, ప్లాస్టిక్ కుర్చీ. ర్యామ్‌ని వెండిరంగు కవర్లోంచి లాగి, బంగారు పూత ఉన్న అంచుని బొటనవేలితో ఓసారి రుద్ది, కవరు దేనికైనా పనికొస్తుందని మడిచి జేబులో పెట్టుకుంటాడు. ‘అంకుల్, చేతికి యాంటీస్టాటిక్ స్ట్రాప్ కట్టుకోరా?’ అని ఆ ఇంటి ఇంటర్ కుర్రాడు అడిగితే, ‘ఏం కాదు నాన్నా! నలభై సిస్టమ్‌లు బిగించాను, ఒక్కటైనా పోయిందా?’ అంటాడు. మంచివాడు, పైసా పుచ్చుకోడు, అబద్ధమూ ఆడడు. చిక్కల్లా ఆ నలభై లెక్కతోనే.

ఆ నలభైలో ఎన్ని దెబ్బతిన్నాయో ఆయనకు తెలిసే దారే లేదు. స్టాటిక్ విద్యుత్తు చేతికి చురుక్కుమనాలంటే ఒంట్లో సుమారు 3000 వోల్టులు చేరాలి. సున్నితమైన చిప్‌లు కొన్ని 100 వోల్టులకే పాడవుతాయి. ఈ రెండంకెల మధ్య ఏం జరిగినా అంకుల్ వేలికి కబురందదు. చిప్‌లను పరీక్షించే ఇంజినీర్లు మనిషిని 100 పికోఫారడ్ల కెపాసిటర్, 1500 ఓముల రెసిస్టర్ కింద జమకడతారు. పాతికేళ్ల అనుభవానికి ఆ సర్క్యూట్లో చోటు పెట్టలేదు. పోనీ దెబ్బతిన్న చిప్ అక్కడికక్కడే పోతుందా అంటే అదీ లేదు. ట్రాన్సిస్టర్ గేటు కింది పలచటి ఆక్సైడ్ పొర బలహీనపడి, చెదపట్టిన గుమ్మంలా పైకి నిక్షేపంగా నిలబడుతుంది. ఎప్పుడో నడివేసవిలో బ్లూ స్క్రీన్ పడుతుంది. అప్పుడూ పిలుపు అంకుల్‌కే. మూత తీసి, లోపలికి ఊది, ‘ఈమధ్య అన్నీ డూప్లికేట్ మాలేనమ్మా’ అనో, ‘మీ లైన్లో వోల్టేజి హెచ్చుతగ్గులున్నాయి’ అనో తేల్చేస్తాడు. ముద్దాయే తీర్పు చెప్పే కోర్టులో కేసులు కొట్టుడుపోక ఏమవుతాయి? అలాగని పోయినవన్నీ స్టాటిక్ వల్లే పోయాయని మనమూ అనలేం. కారణం ఎవరికీ కనిపించని చోట ‘ఒక్కటీ పోలేదు’ అన్నది సాక్ష్యంగా చెల్లదంతే.

అంకుల్ దగ్గర వాదనలకు కొదవలేదు. చిప్‌ల లోపలే రక్షణ డయోడ్లు పెడుతున్నారుగా అంటాడు. నిజమే, చాలా చిప్‌లు వెయ్యి, రెండు వేల వోల్టుల దాకా ఓర్చుకుంటాయి. అయినా చురుక్కుమనే హద్దుకి అదింకా కిందే. ర్యామ్ మీద కావాలని నిప్పురవ్వలు కొట్టి, అయినా పనిచేస్తోందని చూపించే వీడియోలను ఉదహరిస్తాడు. వీడియో ఆ పూటకే అయిపోతుంది, ర్యామ్ మాత్రం ఐదేళ్లు పనిచెయ్యాలి. ఆయన చెయ్యని వాదనే అన్నిటికంటే బలమైనది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో, వట్టికాళ్లతో సిమెంటు గచ్చు మీద కూర్చుని బిగిస్తే ఒంటిమీద ఛార్జి నిలవడమే కష్టం. తేమ 65 శాతం పైన ఉంటే కార్పెట్ మీద నడిచినా 1500 వోల్టులకు మించడం అరుదు. అదే తేమ 20 శాతానికి పడిపోతే 35000 దాకా లేస్తుంది. అంటే ఇన్నాళ్లూ అక్కడి అంకుల్ని కాపాడింది బంగాళాఖాతం. అది తెలియక ఆయన జనవరిలో కొడుకు దగ్గరికి మినియాపొలిస్ వెళ్లి, హీటర్ నడుస్తున్న గదిలో, కార్పెట్ మీద, స్వెటర్ తొడుక్కుని మనవడి కంప్యూటర్ విప్పుతాడు. ధీమా మాత్రం భీమిలి నుంచి తెచ్చుకున్నదే.

చివరి అస్త్రం ఎర్తింగ్. ‘మన ఇళ్లలో మూడో పిన్ను వట్టి అలంకారం, ఇంక స్ట్రాప్ దేనికి?’ అంటాడు. మొదటి మాట చాలా ఇళ్లలో నిజమే. కానీ చిప్‌ని దెబ్బతీసేది చేతికీ బోర్డుకీ మధ్య ఉన్న తేడా. స్ట్రాప్ క్లిప్పుని క్యాబినెట్‌లో రంగు లేని ఇనుముకి తగిలించి, కవరుని ఆ ఇనుముకి ఆనించాకే అందులోంచి బోర్డు తీస్తే, భూమి ప్రమేయం లేకుండానే ఆ తేడా చాలామటుకు పోతుంది. ఎర్తింగ్ మీద నమ్మకం లేని ఇంట్లో ప్లగ్గు పీకేసి బిగించడమే మేలు. స్ట్రాప్ కట్టుకుంటే కరెంటు షాక్ కొడుతుందన్న భయమూ అక్కర్లేదు. అందులో 1 మెగా ఓము రెసిస్టర్ ఉంటుంది, పొరపాటున 230 వోల్టులు తగిలినా పావు మిల్లీ ఆంపియరుకి మించి పారదు. (తీగ లేని స్ట్రాప్‌లు కూడా అమ్ముతున్నారు. ఛార్జి ఎటు పోవాలో వాళ్లే చెప్పాలి.) ఇన్ని చెప్పాక అంకుల్ మొహమాటానికైనా ఒప్పుకుంటాడు. అయితే మణికట్టు దురదపెడుతుందని ఫుల్‌హ్యాండ్ చొక్కా కఫ్ మీద కట్టుకుంటాడు. లోపలి లోహపు బిళ్ల చర్మానికి ఆనకపోతే అది వట్టి గాజే. కాబట్టి ‘సరే’ అన్నాక కూడా ఓసారి చొక్కా చెయ్యి మడతపెట్టించి చూసుకోవాలి.