శాశ్వతనిధియు శిలాఫలకమును

వైద్యశాస్త్రమున ఉన్నతవిద్య నభ్యసించు నిరుపేద విద్యార్థులకు వేతనము లొసగుటకై శాశ్వతనిధి యొకటి నెలకొల్పవలెనన్న తలంపు, ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెము వరకు గల మా సీమయందు ఎన్నడును నశింపలేదు. అది పుట్టుచునే యున్నది, సభకెక్కుచునే యున్నది, శాలువ కప్పించుకొనుచునే యున్నది. నశించునది నిధి యొక్కటియే.

సభాక్రమ మందఱెఱిగినదే. కైకలూరు ప్రాంతపు చేపలచెరువుల యజమానులు, గూడెపు ఉల్లి వర్తకులు, పింఛను పుచ్చుకొనుచున్న డాక్టర్లు, సెలవుపై అమెరికా నుండి దిగిన యొకరిద్దఱు వేదిక నలంకరింతురు. మొదటి వక్త కర్ణుని, రెండవ వక్త శిబిని కొనియాడగా, ఆ యిరువురును ఖర్చయిపోయినందున మూడవ వక్త విధిలేక బలిచక్రవర్తిని స్మరించును. విరాళముల ప్రకటన యారంభమైనంతనే పెద్దమనిషి యొకరు లేచి, "పేరెక్కడ వేయిస్తారండి?" అని సవినయముగా నడుగును. అసలు బ్యాంకులో కదలక యుండుననియు, దాని వడ్డీ మాత్రమే ఏటేట విద్యార్థికి చేరుననియు, ఆ యేర్పాటునకు గోడగాని గుమ్మముగాని లేదనియు కార్యదర్శి విన్నవించును. గోడలేని దానమా! సభ యంతయు నొక్కసారిగా నిట్టూర్చును. అటుపిమ్మట తీర్మానము కొలదిపాటి సవరణతో నెగ్గును. ఆ సవరణ యేమనగా, శాశ్వతనిధికి మాఱుగా కళాశాల ముంగిట స్వాగతద్వారము, దానిపై దాతల నామధేయములు, వాటి క్రింద చోటు మిగిలినచో కళాశాల పేరు. 2023లో నూటయేబది సీట్లతో ఏలూరునకు ప్రభుత్వ వైద్యకళాశాల కూడ వచ్చినది గనుక ద్వారములకు ఇక స్థలాభావమును లేదు.

నిధి గణితముమీద నిలుచునది గనుక లెక్క కొంచెము చూతము. 2023 జనవరి నుండి జూనియర్ రీసెర్చి ఫెలోకు కేంద్రము నిర్ణయించిన వేతనము నెలకు 37,000 రూపాయలు, అనగా ఏటికి 4,44,000. నూటికి ఏడు వడ్డీ వచ్చుననుకొన్నను, ఒక్క పరిశోధకుని పోషించుటకు 63 లక్షల పైచిలుకు మూలధనము కావలెను. అదియు చాలదు; ధరలు ఏటికి నూటికైదు వంతున పెరిగినచో పదునాలుగేండ్లలో ఆ వేతనము విలువ సగమగును గనుక, వచ్చిన వడ్డీలో కొంత మరల అసలులో కలుపుచుండవలెను. ఈ కలుపుటయే మావారికి కంటగింపు. తాము ముసలివారు కాకమునుపే తమ దానము ముసలిదగుటకు వారు సమ్మతింతురు గాని, దాని యారోగ్యమునకై వడ్డీలో పాలు విడుచుటకు సమ్మతింపరు.

దీనికి విరుగుడుగా స్వర్ణపతకము కల్పింపబడినది. తండ్రిగారి పేర లక్షరూపాయలు గట్టినచో, ఆచంద్రతారార్కము ఏటికొక వైద్యవిద్యార్థి మెడలో ఆ పేరు వ్రేలాడును. లక్షకు వడ్డీ ఏడువేలు. పది గ్రాముల బంగారము లక్ష దాటిన యీ దినములలో ఆ సొమ్ముకు నిండు గ్రాము రాదు. కావున పతకము రాగి, పూత పసిడి, ప్రదానసమయమందలి యుపన్యాసము మాత్రము అచ్చమైన అపరంజి. గ్రహీత దానిని తాకట్టు పెట్టబోయినచో సేటుగారు నవ్వుదురు, ఫొటోకు పనికివచ్చును.

మా సీమయందు ధనము లేదన్నచో సంక్రాంతి నవ్వును. ఆ మూడుదినములు కోడిపందెముల బరులయందు చేతులు మాఱు ద్రవ్యమునకు ఎవరును రసీదు నడుగరు, ఆదాయపుపన్ను మినహాయింపును గోరరు. వైద్యులను చదివించు నలవాటు మాకు లేదన్నచో అదియు నపనిందయే. అల్లుని పై చదువునకు మామగారు సమర్పించు ద్రవ్యమును 1961 నాటి వరకట్న నిషేధచట్టము నేరమన్నను, అంతకంటె స్థిరముగ నడచుచున్న వైద్యవిద్యార్థివేతన పథకము మాకు వేరొకటి లేదు. పీజీ సీటు దానిలో మొదటి వాయిదా, నర్సింగుహోము రెండవది; అర్హతాపరీక్ష కులము, గోత్రము, జాతకము; వడ్డీ మాత్రము రోగుల నుండి వసూలగును.

మామగారి సొమ్ముతో చదివిన వైద్యుడు మా పొరుగున, భీమవరమున, 1895లోనే యొకరు పుట్టిరి, యల్లాప్రగడ సుబ్బారావుగారు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు పిల్లనిచ్చి మద్రాసు వైద్యకళాశాలలో చదివింపగా, ఆయన ఖద్దరు ధరించి ఆంగ్ల ప్రొఫెసరు ఆగ్రహమునకు గురియై ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో బయటపడిరి. మామగారి ధనముతోనే కథ ముగిసినచో ఆయనయు నొక యూరిలో బోర్డు గట్టుకొని యుండెడివారేమో. కాని రంగూనులో నార్జించిన సంపదను మల్లాడి సత్యలింగ నాయకర్‌గారు ధర్మమునకు విడువగా, దానితో నడచు కాకినాడ ధర్మసంస్థవారు ఈ యువకునికి సహాయము వాగ్దానము చేసిరి. ఆ ధైర్యముతో ఆయన బోస్టను చేరి ఉష్ణమండల వైద్యమభ్యసించిరి. తరువాత సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతి, కండరశక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. పిదప లెడర్లీ ప్రయోగశాలలలో ఫోలిక్ ఆమ్లము. వీనిలో దేనిపైనను నాయకర్‌గారి పేరు లేదు. 1995లో మనము సుబ్బారావుగారికొక తపాలాబిళ్ళ వేసి ఋణము తీర్చుకొంటిమి. అదియు గోడకు కాకున్నను కవరుకైనను అంటుకొనును గదా.

2020 డిసెంబరులో ఏలూరు వీధులలో జనులు ఉన్నట్లుండి మూర్ఛిల్లి పడిపోవుచు ఆఱువందలకు మించి ఆసుపత్రి పాలైన తరుణమున, నెత్తురును నీరును సీసాల కెక్కి హైదరాబాదునకును ఢిల్లీకిని పయనమయ్యెను. ఎయిమ్స్ వారు రక్తమున సీసమును నికెలును గలవనిరి. అనుమానము క్రిమిసంహారకములమీదికిని పోయెను. 2002లో రామ్సార్ జాబితా కెక్కిన కొల్లేటిలోనికి కాలువలు ఏమేమి మోసికొనివచ్చుచున్నవో, అది చేపద్వారా నీటిద్వారా మనుష్యుని నరములలో నెంత చేరుచున్నదో కనిపెట్టుట ఒక పరిశోధకుని యావజ్జీవితమునకు సరిపడు పని. అతని మూలధనము 63 లక్షలని పైన లెక్కకట్టితిమి. ఒక మోస్తరు కల్యాణమంటపమున కది చాలదు.

ఇంత విన్న పిమ్మటను కడపటి యాక్షేప మొకటి తప్పక వచ్చును: "మనం చదివిస్తే కుర్రాడు అమెరికా పోయి మళ్ళీ రాడు కదండి!" నిజమే. సుబ్బారావుగారును తిరిగిరాలేదు, 1948 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రమందే కన్నుమూసిరి. తిరిగివచ్చినది ఆయన నాయకత్వమున లెడర్లీలో రూపొందిన హెట్రజాను. బోదకాలు నరికట్టుటకు ఆరోగ్యకార్యకర్తలు పశ్చిమగోదావరిలో ఇంటింటికి దిరిగి ఉచితముగ మ్రింగించిన డీఈసీ మాత్ర అదియే. ఆక్షేపించు పెద్దమనిషియు అరుగుమీద కూర్చుండి, చెంబెడు నీళ్లు త్రాగి, దానిని మ్రింగియే యుండును. తిరిగిరాని కుర్రవాని మందు గదా, నాకు వలదని యనియుండడు.