మెగాపిక్సెల్ అష్టోత్తరం

నూట ఎనిమిది అంటే మనకు మొదటినుంచీ భక్తే. దేవుడికి అన్ని నామాలు, జపమాలకు అన్ని పూసలు, ప్రాణం మీదికొస్తే అంబులెన్సుకూ అదే నంబరు. ఫోన్ల కంపెనీలు ఆ అంకెను కెమెరాకు తగిలించి, దసరా ఆఫర్ల హారతి పళ్లెంలో పెట్టి మన ముందు తిప్పుతున్నాయి. ఇన్నాళ్లూ బటన్ ఫోన్‌తో నెట్టుకొచ్చి, ఇక పని నడవదని తేలాక మొదటి స్మార్ట్‌ఫోన్ కోసం వచ్చిన మనిషికి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనైనా, మండల కేంద్రంలోని సెల్ పాయింట్‌లోనైనా వినిపించేది ఈ అష్టోత్తరమే: 108 మెగాపిక్సెల్, 16 జీబీ ర్యామ్, 120 హెర్ట్జ్. ఆయనకు కావలసిన నామం ఒకటే, దారి చూపిస్తుందా అన్నది. ఆ ఒక్కటీ ఈ నామావళిలో లేదు.

మొదటి ఫోన్ కొనేది ఎవరో చూడండి. పార్సిళ్లు మోసే కుర్రాడు, ఆటో నడిపే పెద్దాయన, ఊళ్లో ఉపాధి హామీ పనులు చూసే మేట్. 2023 జనవరి 1 నుంచి ఉపాధి కూలీల హాజరు యాప్‌లోనే వేయాలని కేంద్రం తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు, పని జరిగేచోటే కూలీల ఫొటో తీసి, అది ఏ చోటో తెలిసేలా ఎక్కించాలి. ఎండాకాలంలో చెరువు పూడిక తీసేచోట నిలబడ్డ మేట్‌కు ఎండలో కనబడే తెర కావాలి, త్వరగా ఉపగ్రహాలను పట్టుకునే జీపీఎస్ కావాలి, సాయంత్రం దాకా ఆగే బ్యాటరీ కావాలి. ఫొటోలో ముఖాలు ఆనవాలు పడితే చాలు. చెంపల మీద చెమట చుక్కలు లెక్కపెట్టి ఎవరూ కూలి వేయరు కదా.

ఇంతకీ ఆ నూట ఎనిమిది సంగతేమిటి? మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. నూట ఎనిమిదంటే 10 కోట్ల 80 లక్షలు. గోరంత సెన్సర్‌లో అన్నిటిని కుక్కితే ఒక్కో చుక్కకు దక్కే వెలుతురు ఏమూలకూ చాలదు. అందుకని మామూలుగా ఫొటో తీసేటప్పుడు ఫోనే తొమ్మిదేసి చుక్కలను కలిపి ఒకటిగా లెక్కకడుతుంది. తొమ్మిది మంది అన్నదమ్ములు, రేషన్ కార్డు ఒక్కటే అన్నమాట. చివరికి చేతికొచ్చేది కోటీ 20 లక్షలు. ఆ ఫొటోను చూసుకునే తెరో? చౌక ఫోన్లలో చాలావాటికి అడ్డం 720, నిలువు 1600, అంటే పదకొండున్నర లక్షల చుక్కలు. దాన్నే వాట్సాప్‌లో మామూలుగా పంపితే దారిలో అది మరింత చిక్కిపోతుంది. ఇలా కలపడం తప్పు కాదు, చీకట్లో తీసే ఫొటోకు మేలే. కలిపాక మిగిలినదాన్ని దాచి, కలపకముందున్న లెక్కను పెట్టె మీద అచ్చేయడం దగ్గరే ఉంది తిరకాసంతా. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కు ఉన్న ఒకే ఒక్క కెమెరా 2 మెగాపిక్సెళ్లది. ఈ రోజు అదే 2 మెగాపిక్సెళ్ల కన్నును ‘మాక్రో’ అనో ‘డెప్త్’ అనో పిలిచి, పెద్ద కెమెరా పక్కన దిష్టిచుక్కలా పెడుతున్నారు.

ర్యామ్ మాయ ఇంకా ముచ్చటైనది. ‘8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ’ అంటారు. రెండో ఎనిమిది ర్యామ్ కాదు. ఫొటోలూ పాటలూ దాచుకునే స్టోరేజీలోంచి కొంత చోటు తీసి దానికి ర్యామ్ అని పేరుపెట్టారు, అది అసలు ర్యామ్ అంత వేగంగా పనిచేయదు. వంటింట్లో పట్టని గంగాళాలను అటకెక్కించి, మా వంటిల్లు రెండింతలైందని చాటుకోవడం ఇది. పిండివంటలప్పుడు నిచ్చెన ఎక్కేవాళ్లకు తెలుస్తుంది ఆ వైశాల్యం.

దారి దగ్గరికి వద్దాం. మ్యాప్‌లో మనం ఉన్నచోట నీలి చుక్క కనబడుతుంది, దాని ముందు లేతనీలి విసనకర్ర ఒకటి విచ్చుకుని ఉంటుంది. మనం ఎటు ముఖం పెట్టి ఉన్నామో చెప్పేది ఆ విసనకర్రే. చుక్కను పెట్టేది ఉపగ్రహాలు, విసనకర్రను తిప్పేది ఫోన్‌లోని దిక్సూచి చిప్పు, మాగ్నెటోమీటర్. తక్కువ ధర ఫోన్లు కొన్నిటిలో ఆ చిప్పే ఉండదు. లేకపోతే ఏమవుతుంది? బండి కదులుతున్నంతసేపూ ఏమీ కాదు, కదలికను బట్టి ఫోన్ దిక్కు కనిపెట్టేస్తుంది. ఆగితేనే చిక్కు. అమీర్‌పేట మెట్రో స్తంభాల కింద బండి ఆపి, వేడివేడి బిర్యానీ వీపున వేసుకుని, ఎడమకా కుడికా అని చూసే కుర్రాడికి చుక్క కనబడుతుంది, దిక్కు కనబడదు. యాభై గజాలు పోయాకగానీ తప్పు దారని తెలియదు. ఈలోగా యూటర్న్ దాటిపోతుంది, కస్టమర్ ఫోన్ మోగుతుంది. ఆ కుర్రాడి జేబులో నూట ఎనిమిది మెగాపిక్సెళ్లున్నాయి. దిక్కు మాత్రం పాన్‌షాపు ఆయన్ని అడగాలి.

‘పది వేల ఫోన్‌లో అన్నీ ఎక్కడినుంచి వస్తాయండీ’ అనేవాళ్లుంటారు. సబబైన మాటే, ఆ ధరలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. వదులుకునేది ఏదన్నదే ప్రశ్న. ఎవరూ వాడని రెండో కన్నుకు చోటు దొరికిందిగానీ, ఈ చిన్న చిప్పుకు దొరకలేదు. కన్ను వెనకవైపు బయటికి కనబడుతుంది, చిప్పు కనబడదు, అంతకన్నా కారణం వెతకనక్కర్లేదు. ‘పేదవాడికి మంచి ఫొటో సరదా ఉండకూడదా’ అని ఇంకొందరు. ఎందుకుండకూడదు, పిల్లల పుట్టినరోజులు అందరిళ్లల్లోనూ వస్తాయి. ఆ ఫొటో బాగుండటం లెన్సు మీద, సెన్సర్ సైజు మీద, ఫొటోను తీర్చిదిద్దే సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఆ మూడూ పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండవు.

కాస్త ఆలోచించి జవాబివ్వాల్సిన అభ్యంతరం ఒకటుంది: పనికొచ్చే గుణాలను అంకెల్లో చెప్పలేం, అందుకే కంపెనీలు చెప్పగలిగినవి చెబుతున్నాయి అని. చెప్పలేకేం? యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు ఒక లేబుల్ తప్పనిసరి. ఒకసారి చార్జ్ చేస్తే ఎన్ని గంటలొస్తుంది, కిందపడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరుకు ఎంత లొంగుతుంది, అన్నీ దాని మీదే. పైగా ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇచ్చి తీరాలి. అప్‌డేట్లు ఆగి ఆండ్రాయిడ్ పాతబడితే ఏదో ఒక రోజు బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. తెర చెక్కుచెదరకపోయినా ఆ ఫోన్ డబ్బుల పనికి రాదు. ఫ్రిజ్ కొనేటప్పుడు తలుపు మీద నక్షత్రాలు లెక్కపెట్టి మరీ కొనే మనం, ఫోన్‌కు ఆయుష్షు ఎన్నేళ్లని షాపువాణ్ని అడగం. అడగని ప్రశ్నకు జవాబు అచ్చేయించే ఖర్చు ఏ కంపెనీ పెట్టుకుంటుంది?

అంచేత మొదటి ఫోన్ కొంటున్నవాళ్లకు, వాళ్లకు తోడుగా వెళుతున్న మేనల్లుళ్లకు ఒక మాట. సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు. డెమో ఫోన్ పట్టుకుని షాపు బయటికి, ఎండలోకి రండి. తెర కనబడుతోందో లేదో చూడండి. మ్యాప్ తెరిచి, ఉన్నచోటే నిలబడి మెల్లగా ఒక చుట్టు తిరగండి. విసనకర్ర మీతోపాటు తిరగకపోతే ఆ ఫోన్ కౌంటర్ మీద పెట్టేసి ఇంకోటి అడగండి.