పాలపళ్ళు రాలాక

గుడియాత్తంలో లుంగీలు నేసే ఒకాయన తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకుని రాయవేలూరు వచ్చాడు. పిల్లవాడికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి, డయాలసిస్ మీద ఉన్నాడు. 1971లోనే కిడ్నీ మార్పిడి చేసి చూపించిన సీఎంసీ ఆసుపత్రి ఉన్న ఊరు అది. తండ్రి ఆశంతా ఆ ఆపరేషన్ మీదే. తీరా వస్తే, ముందు పళ్ళ డాక్టరుకు చూపించమన్నారు.

"ప్రాణం మీదికొచ్చినాక పళ్ళేంది మేడమ్?"

పళ్ళ డాక్టరు విసుక్కోలేదు. కొత్త కిడ్నీ ఒంట్లో నిలవాలంటే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి. అప్పుడు పంటి కింద దాగిన కాస్త చీము కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందే నోరు బాగు చెయ్యాలి. అదీ డయాలసిస్ మరునాడు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ ప్రభావం పోయాక.

పిల్లవాడి ముందుపళ్ళు గరుకుగా, గుంటలు పడి, పసుపుపచ్చగా ఉన్నాయి.

"చాక్లెట్లు తిని పాడు చేసుకున్నాడు మేడమ్."

"పుచ్చు ఒక్కటీ లేదే! కిడ్నీ జబ్బులో ఎంగిలిలో యూరియా ఎక్కువై, పళ్ళను తినేసే ఆమ్లాన్ని విరిచేస్తుంది. గార మాత్రం పేరుకుంటుంది. ఇది వేరు. ఈ పళ్ళ ఎనామెల్ చిగురు లోపల నాలుగైదేళ్ళలోపే తయారవుతుంది. ఆ వయసులో కిడ్నీ దెబ్బతింటే కాల్షియం, ఫాస్ఫరస్ అదుపు తప్పుతాయి. అప్పుడు పడిన లోపం మళ్ళీ పూడదు. చిన్నప్పుడు వీడు నీళ్ళు తెగ తాగేవాడా? రాత్రిళ్ళు పక్క తడిపేవాడా?"

"అవును మేడమ్."

"మీది మేనరికమా?"

"అక్క కూతుర్నే చేసుకున్నా." ఆయన గొంతు పూడుకుపోయింది. "ఎవురన్నా అప్పుడే చెప్పుంటే, మగ్గం అమ్మయినా చూపించుకుందును."

ఆ మాటలో అబద్ధం లేదు. నొప్పి పెట్టని జబ్బును ఏ తండ్రి పట్టగలడు?

"ముందుపళ్ళకి పంటి రంగు ఫిల్లింగ్ పెడతానురా. హాయిగా నవ్వొచ్చు" అంది డాక్టరు.

అంతసేపూ చేత్తో నోరు మూసుకున్న పిల్లవాడు చెయ్యి తీశాడు.

"మా చెల్లికి కూడా పెడతారా? పాలపళ్ళు రాలినాక దానికీ ఇట్టాంటివే వచ్చినాయి."

"దానికే జబ్బూ లేదు మేడమ్. బాగుండాది" అన్నాడు తండ్రి తొందరగా.

"మొన్న రేత్రి చెంబు నీళ్ళు తాగేసి పక్క తడిపిందని నువ్వే కదా నాయినా కొట్టినావు?"